ఇంటి సంగతులు రాయాలంటే భయమా? ఇలా మొదలుపెట్టండి

నా బ్లాగులో మొదటి పోస్టు 40 రోజులు డ్రాఫ్టుగానే ఉండిపోయింది. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్ళు, బాబుకి రెండు. రాసింది గొప్ప సంగతేమీ కాదు. స్కూలు టైముకి ఒక కాలి బూటు కనిపించక ఇల్లంతా వెతికిన ఒక ఉదయం గురించి. రోజూ పిల్లలు పడుకున్నాక ఫోను తీసేదాన్ని, ఒక మాట మార్చేదాన్ని, మళ్ళీ పక్కన పెట్టేసేదాన్ని. ఎవరైనా చదివి "ఇది కూడా రాయాల్సిన విషయమేనా" అంటారేమోనని భయం. అసలు ఎవరూ చదవరేమోనని ఇంకో భయం. రెండూ ఒకదానికొకటి పొసగనివే, అయినా రెండూ ఒకేసారి ఉండేవి.

ఇప్పటికి ఏడేళ్ళుగా రాస్తున్నాను. ఇంటి గురించి రాసే తల్లికైనా తండ్రికైనా ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో ఈ ఏడేళ్ళలో మెల్లగా తెలిసింది. పొగిడినప్పుడు వచ్చేది రెండు రోజులుంటుంది. ఎంతమంది చదివారన్న లెక్క చూసి వచ్చేది ఆ లెక్క తగ్గగానే పోతుంది. రాసింది మన పిల్లల ముందు, మన ఇంట్లోవాళ్ళ ముందు కూర్చుని పైకి చదవగలిగితే, అప్పుడు వచ్చే ధైర్యం మాత్రం పోదు. కింద చెప్పేవన్నీ అక్కడికి చేరడానికి నేను వేసిన అడుగులు. ఇదే వరుసలో వేయండి. నాలుగోదాన్ని మాత్రం దయచేసి దాటేయకండి.

1. చదివే మనిషిని ఒక్కరినే ఊహించుకోండి

"అందరూ చదువుతారు" అనుకుని రాస్తే మాట బిగుసుకుపోతుంది. వేదిక మీద మైకు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. అందుకని ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. ఎవరిని అంటారా? రెండేళ్ళ కిందటి మిమ్మల్ని. రాత్రి రెండింటికి జ్వరంతో ఉన్న పాపను భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్న మిమ్మల్ని. ఆ మనిషికి అప్పుడు ఏ మాట అవసరమో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి: "నేను ఫలానా పరిస్థితిలో ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను." ఆ కాగితం కనబడే చోట ఉంచండి. ఈ అడుగుకి ఇంతకన్నా అక్కర్లేదు.

2. టైము కోసం వెతక్కండి, ఒక పనికి ముడిపెట్టండి

"ఖాళీ దొరికినప్పుడు రాస్తాను" అనుకున్న వారాల్లో నేను ఒక్క లైను కూడా రాయలేదు. పిల్లలున్న ఇంట్లో ఖాళీ దానంతటది దొరకదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన ఒక వ్యాసంలో దీనికి మంచి ఉపాయం ఉంది. "ఇది చేయాలి" అని అనుకుని వదిలేయకుండా "ఫలానాది జరగగానే ఇది చేస్తాను" అని ముందే తేల్చుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుంది అంటాడాయన. నా మటుకు అది "రాత్రి గిన్నెలు కడిగి చేతులు తుడుచుకోగానే కుర్చీలో కూర్చుంటాను" అనేది. మీకు అది పిల్లల్ని బస్సు ఎక్కించి తిరిగి వచ్చిన క్షణం కావచ్చు, ఆఫీసులో భోజనం అయ్యాక మిగిలే పావుగంట కావచ్చు. రోజూ ఎలాగూ జరిగే పనినే ఎంచుకోండి. 20 నిమిషాలు చాలు. అంతకన్నా ఎక్కువ పెట్టుకోకండి కూడా. గంట పెట్టుకుంటే, గంట దొరకని రోజున అసలు కూర్చోరు.

మధ్యలో రోజులు పోతాయి. పిల్లలకి ఒంట్లో బాగుండదు, పరీక్షలు వస్తాయి, ఇంటికి చుట్టాలొస్తారు. అప్పుడు "ఇక నా వల్ల కాదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒక కొత్త పని అలవాటుగా మారడానికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని, మధ్యస్థంగా 66 రోజులని తేలింది. నాకు ఇందులో బాగా పనికొచ్చింది ఇంకో విషయం. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటుకి పెద్దగా నష్టం లేదట. ఇది తెలిశాక, తప్పిన రోజు గురించి బాధపడటం మానేసి మర్నాడు గిన్నెలు కడిగాక వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాను.

3. రోజూ మూడు లైన్లు పోగేయండి, తర్వాత పోస్టు అల్లండి

ఖాళీ తెర ముందు కూర్చుని "ఈరోజు దేని గురించి రాయను?" అనుకునే పరిస్థితి రానివ్వకండి. ఫోనులో ఒక నోట్సు తెరిచి రోజూ మూడు లైన్లు వేయండి. ఒకటి, ఆ రోజు పిల్లలు అన్న మాట, వాళ్ళు అన్నది అన్నట్టుగానే. రెండు, మీకు కోపమో నవ్వో ఏడుపో తెప్పించిన ఒక చిన్న సంఘటన. మూడు, కళ్ళకి కనబడిన ఒక వస్తువు: మూత లేని స్కెచ్ పెన్ను, తలకిందులుగా వేసుకున్న చొక్కా, అలాంటిది. టైపు చేయడానికి చేయి ఖాళీ లేకపోతే ఫోనుకి మాటల్లో చెప్పండి, అదే రాసుకుంటుంది. తప్పులుంటే తర్వాత దిద్దుకోవచ్చు. పిల్లల మాట మాత్రం ఆరోజే రాసుకోవాలి. మర్నాటికి అది వాళ్ళ మాటగా ఉండదు, మన మాటైపోతుంది.

"వెబ్‌లాగ్" అనే మాటను 1997లో జోర్న్ బార్గర్ పుట్టించాడు, 1999లో పీటర్ మెర్‌హోల్జ్ దాన్ని సరదాగా "వీ బ్లాగ్" అని విడగొడితే "బ్లాగ్" అయింది. అందులోని లాగ్ అంటే ఓడలో నడిపే దినచర్య పుస్తకం లాంటిది. గాలి ఎటు వీచింది, ఎంత దూరం వచ్చాం అని రాస్తారు. తుఫాను వచ్చిన రోజూ రాస్తారు, ఏమీ జరగని రోజూ రాస్తారు. "ఇవాళ రాయదగ్గది ఏమీ లేదు" అనిపించినప్పుడల్లా నేను ఆ పుస్తకాన్ని గుర్తు చేసుకుంటాను.

వారానికి ఒకసారి ఆ నోట్సు చదవండి. ఏ లైను దగ్గర మీరు ఆగిపోతారో అదే పోస్టు. ఇక అల్లే పని. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నేనూ రెండేళ్ళు చేశాను. జరిగింది వదిలేసి నీతి రాసేదాన్ని. మొదట్లో నేను రాసిన వాక్యాలు ఇలా ఉండేవి:

"పిల్లల పెంపకంలో ఓపిక చాలా అవసరం. ఉదయం హడావిడిలో మనం తెలియకుండానే వాళ్ళ మీద అరుస్తుంటాం."

తప్పేమీ లేదు, కానీ ఎవరైనా రాయగలరు. అదే సంగతి తర్వాత ఇలా మార్చాను:

"బస్సు రావడానికి ఆరు నిమిషాలుంది. 'నేనే కడతా' అన్నాడు చిన్నాడు. రెండో కాలి లేసు మూడోసారి జారిపోయింది. నా చేయి దానంతటదే వెళ్ళింది. వాడు నా చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టాడు."

ఓపిక అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. అయినా చదివినవాళ్ళలో ముగ్గురు "మా ఇంట్లోనూ ఇంతే" అని రాశారు. మీ డ్రాఫ్టు తీసుకుని ఇదే చేసి చూడండి. ఒకే సంఘటన, ఒకే చోటు, ఒకే పది నిమిషాలు. మధ్యలోంచి మొదలుపెట్టండి. "మనం", "పిల్లలు", "తల్లిదండ్రులు" అని బహువచనంలో ఉన్న ప్రతి చోటా "నేను", "వాడు" అని పెట్టగలరేమో చూడండి. సలహా ఏదైనా చెప్పాలనుకుంటే, అది మీ ఇంట్లో పనిచేసిందని మాత్రమే చెప్పండి. 400 మాటలు దాటకుండా రాయండి. మొదటి పది పోస్టులకి అంతకన్నా పొడవు అవసరం లేదు.

4. పోస్టులో ఉన్న మనిషిని అడగండి

ఈ అడుగు నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను, ఒక దెబ్బ తిని.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు పైకి చదవడం కష్టంగా ఉండేది. అక్షరాలు తెలుసు, మాటలు తెలుసు, కానీ నలుగురిలో నిలబడి చదవమంటే గొంతు పూడుకుపోయేది. మేమిద్దరం రోజూ రాత్రి కూర్చుని ఎలా అలవాటు చేసుకున్నామో ఒక పోస్టు రాశాను. ప్రేమగానే రాశాను. అప్పటిదాకా నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది అదే. రెండు వారాల తర్వాత తను స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడి "అమ్మా, నాకు చదవడం రాదని అందరికీ చెప్పావా?" అంది. క్లాసులో ఒక పిల్ల వాళ్ళమ్మ ఫోనులో చూసిందట.

"చదవడం రాదని రాయలేదు తల్లీ, నువ్వెంత కష్టపడ్డావో రాశాను" అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ తన మొహం చూశాక అనలేకపోయాను. తన కళ్ళతో చూస్తే నేను చేసింది చెప్పడమే. ఆ సాయంత్రమే పోస్టు తీసేశాను, తనకి సారీ చెప్పాను, ఎందుకు రాశానో సంజాయిషీ చెప్పుకోలేదు. తర్వాత నాలుగు నెలలు ఏమీ రాయలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ఇప్పటికీ అవే పాటిస్తున్నాను.

మొదటిది, ఇది ఎవరి కథ అని నన్ను నేను అడగడం. పిల్లవాడికి రాత్రి భయమేస్తే, ఆ భయం వాడి కథ. నిద్ర లేక మర్నాడు ఆఫీసులో నేను పడ్డ అవస్థ నా కథ. నాది మాత్రమే రాసే హక్కు నాకుంది. వాడిది కూడా కలిసి వస్తే వాడు ఒప్పుకోవాలి. ఒంటి సంగతులు, జబ్బులు, మార్కులు, పక్క తడపడం, స్నేహితులతో గొడవలు, ఇలాంటివి ఎంత ముద్దుగా రాసినా వాళ్ళ సొంత విషయాలే. అవి నేను రాయను.

రెండోది, వయసును బట్టి అడగడం. మరీ చిన్నపిల్లలకి అడిగినా అర్థం కాదు. అప్పుడు "పదిహేనేళ్ళప్పుడు స్నేహితుల ముందు ఇది బయటపడితే వీడు తలదించుకుంటాడా?" అని నన్ను నేను అడుగుతాను. ఐదారేళ్ళు దాటాక పైకి చదివి వినిపించి "పెట్టనా, వద్దా?" అని అడుగుతాను. వద్దంటే ఎందుకని అడగను. కారణం చెప్పలేకపోవడం వల్ల వాళ్ళ "వద్దు"కి విలువ తగ్గదు. తొమ్మిది పదేళ్ళు వచ్చాక డ్రాఫ్టు చేతికిచ్చి వాళ్ళనే చదవమంటాను, తీసేయమన్న లైను తీసేస్తాను. ఇంకా పెద్దయ్యాక వాళ్ళంతట వాళ్ళు "ఇది రాయమ్మా" అంటే తప్ప వాళ్ళ గురించి రాయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. భర్త, భార్య, అత్తమామలు, అమ్మానాన్నలు, తోడబుట్టినవాళ్ళు, అందరికీ ఇదే నియమం. పెద్దవాళ్ళు కదా అర్థం చేసుకుంటారులే అని వదిలేయకండి.

ఇది కేవలం నా చాదస్తం కాదు. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల వ్యక్తిగత జీవితానికి, గౌరవానికి రక్షణ ఉండాలంటుంది. 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాటకు వాళ్ళ వయసును బట్టి విలువ ఇవ్వాలంటుంది. ప్రభుత్వాల కోసం రాసిన మాటలే అయినా, వంటింటి బల్ల దగ్గర కూడా అవి సరిగ్గా సరిపోతాయి.

మూడోది, గుర్తులు చెరిపేయడం. మా పిల్లల పేర్లు ఎక్కడా రాయను. పెద్దది, చిన్నాడు అంటాను. స్కూలు పేరు, యూనిఫాం, రోజూ ఏ టైముకి ఏ దారిలో వెళ్తారన్నది, పుట్టినరోజు తేదీ, ఇంటి ముందు భాగం కనబడే ఫోటో, ఇవేవీ పెట్టను. ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు వివరం ఆ ఫోటో ఫైలులోనే దాగి ఉండవచ్చు, కాబట్టి కెమెరా సెట్టింగులోకి వెళ్ళి దాన్ని ఇప్పుడే ఆపేయండి. "తర్వాత తీసేయొచ్చులే" అన్న ధీమా వద్దు. వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి ఉంది. అలాంటి చోట్లా, ఎవరో తీసిన స్క్రీన్‌షాట్లలోనూ మనం తీసేసింది మిగిలిపోవచ్చు. నా ఆ పోస్టు ఎక్కడైనా మిగిలి ఉందేమోనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మరి రాయకూడనిదంతా ఎక్కడ పెట్టుకోవాలి? ఒక కాగితం పుస్తకంలో. మనసులో బరువు ఉంటే అది బయటికి రావాల్సిందే, కానీ నలుగురి ముందుకే రానక్కర్లేదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమను బాధపెట్టిన అనుభవాల గురించి రాశారు. అందులో జరిగిందీ, దాని వల్ల తమకు కలిగిన బాధా రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్ళడం తగ్గింది. అది లోకం చదవడానికి రాసింది కాదు. నా దగ్గర ఇప్పుడు రెండున్నాయి, ఫోనులో నోట్సు, బీరువాలో పుస్తకం. ఏది దేనిలోకి వెళ్ళాలో రాసేటప్పుడే తెలిసిపోతుంది.

5. పబ్లిష్ బటన్‌ని పగటి పూట నొక్కండి

ఇక అసలు భయం దగ్గరికి వద్దాం. "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం ఎలా పుడుతుందో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో వివరించాడు. నాలుగు దారులు చెప్పాడు: మనమే చిన్న చిన్న పనులు పూర్తి చేయడం, మనలాంటి ఇంకొకరు చేయగా చూడటం, నమ్మకమున్నవాళ్ళు "నువ్వు చేయగలవు" అనడం, మన ఒంటి స్థితి. అన్నిటికన్నా మొదటిది బలమైనదన్నాడు. అందుకే చిన్న పోస్టు పూర్తి చేసి పెట్టమంటున్నాను. పూర్తి చేసిన పది చిన్నవి, సగంలో ఆగిన ఒక పెద్దదానికన్నా మనకి ఎక్కువ ధైర్యాన్నిస్తాయి.

నాలుగోదాన్ని మనం ఎవరం పట్టించుకోం. రాత్రి 11 గంటలకి ఒళ్ళు అలసిపోయి, కళ్ళు మండుతుంటే, ఆ నీరసాన్నే "నా రాత బాగాలేదు" అన్న తీర్పుగా తీసుకుంటాం. నా మొదటి పోస్టు 40 రోజులు ఆగిపోవడానికి సగం కారణం నేను దాన్ని ఎప్పుడూ రాత్రే చూడటం. కాబట్టి రాత్రి రాయండి, ఒక రాత్రి అలా వదిలేయండి, పొద్దున్న ఒకసారి పైకి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం విరిచి రెండు చేయండి. ఏదైనా పని మొదలుపెట్టబోయే ముందు పబ్లిష్ చేసి ఫోను పక్కన పెట్టేయండి. రెండు గంటలు దాని వంక చూడకండి.

చేయి ఇంకా వణుకుతుంటే ఈ ప్రయోగం గుర్తు చేసుకోండి. థామస్ గిలోవిచ్, మరో ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించారు. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి, ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు వేసి మిగతావాళ్ళున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. నిజంగా గమనించింది దాదాపు నాలుగో వంతు మంది. మన తప్పులు అందరి కళ్ళలో పడుతున్నాయని మనకి అనిపించినంతగా నిజానికి పడవు. నా మొదటి పోస్టు మొదటి వారంలో చదివింది 11 మంది. అందులో ఇద్దరు మా అక్కచెల్లెళ్ళు.

ఇంకొకటుంది. "నేను రచయితనేం కాదు, ఏదో అలా నెట్టుకొస్తున్నాను, ఎప్పుడో ఒకరోజు దొరికిపోతాను" అనే ఆలోచన. ఇది మీకొక్కరికే అనుకోకండి. పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే దీని గురించి రాశారు, అదీ చదువులోనూ ఉద్యోగంలోనూ ఎంతో సాధించిన స్త్రీలను చూసి. సాధించినవాళ్ళనే వదలని ఆలోచన మనల్ని వదులుతుందా? దాన్ని పోగొట్టడానికి ప్రయత్నించడం నేను మానేశాను. అది అలా పక్కన కూర్చుని ఉంటుంది, నేను రాసుకుంటూ ఉంటాను.

6. కామెంట్లు

పది మంది మంచి మాట చెప్పి ఒక్కరు వెటకారం చేస్తే, రాత్రి నిద్రలో గుర్తొచ్చేది ఆ ఒక్కటే. మనసు తీరే అంత. వెంటనే బదులివ్వకండి, ఒక రాత్రి గడవనివ్వండి. మీరు రాసిన విషయంలో తప్పు చూపిస్తే ఒప్పుకుని దిద్దండి, థాంక్స్ చెప్పండి. మీ పిల్లల గురించి తేలిగ్గా మాట్లాడితే మాత్రం తీసేయండి, కారణం చెప్పాల్సిన పని లేదు. మీ ఇంటి గుమ్మంలోకి ఎవరిని రానివ్వాలో మీ ఇష్టమే కదా, ఇదీ అంతే. మనసుకి హత్తుకున్న మంచి మాటల్ని ఒక చోట కాపీ చేసి దాచుకోండి. డీలా పడ్డ రోజున అవి పనికొస్తాయి.

ఎవరైనా డబ్బిచ్చో వస్తువిచ్చో రాయమంటే, ఆ సంగతి పోస్టు మొదట్లోనే చెప్పండి. పిల్లల్ని ముందు నిలబెట్టి అమ్మే పని అయితే ఒప్పుకోకండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

7. ఇంట్లో జరిగేదాన్ని పోస్టు కోసం మార్చకండి

రాయడం మొదలుపెట్టిన ఏడాదికి నాలో ఒక మార్పు గమనించాను. బాబు ఏదైనా ముద్దుగా మాట్లాడుతుంటే, వింటూనే మనసులో వాక్యం కట్టేసుకుంటున్నాను. ఒకసారి "మళ్ళీ అనవా కన్నా, రాసుకుంటా" అన్నాను. వాడు మళ్ళీ అన్నాడు, ఈసారి నా మొహం చూస్తూ. ముందు అన్నది నాతో అన్నాడు, రెండోసారి అన్నది నా ఫోనుతో అన్నాడు. అప్పటి నుంచి పిల్లలు నాతో మాట్లాడుతున్నప్పుడు ఫోను చేతిలో ఉండకూడదని పెట్టుకున్నాను. గుర్తుంటే రాత్రి రాస్తాను, లేకపోతే లేదు. మీరూ ఇది మొదటి రోజు నుంచే పాటించండి.

వేరేవాళ్ళ ఇళ్ళు చదివి మన ఇంటిని కొలుచుకోవడం కూడా ఇక్కడే మొదలవుతుంది. వాళ్ళ పిల్లలు గొడవ పడరు, వాళ్ళ హాల్లో బొమ్మలు చెల్లాచెదరుగా ఉండవు అనిపిస్తుంది. పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు అయిన డొనాల్డ్ విన్నికాట్ 1950ల్లో "సరిపోయేంత మంచి తల్లి" అన్నాడు. లోపమే లేని తల్లి బిడ్డకి అవసరం లేదని, బిడ్డ ఎదిగేకొద్దీ తల్లి కొద్దికొద్దిగా అందకపోవడం వల్లే వాడు లోకానికి అలవాటు పడతాడని ఆయన చెప్పింది. నేను అరిచిన ఉదయాల గురించి కూడా రాస్తాను. అరిచాక వెళ్ళి ఏం చెప్పానో కూడా రాస్తాను. ఆ రెండో సగం లేకుండా మొదటి సగం రాయను.

8. రాసినదాన్ని మళ్ళీ ఇంట్లోకి తీసుకురండి

నెలకొకసారి, రాత్రి భోజనాలయ్యాక, ఒక పాత పోస్టు ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించండి. "అలా కాదు, నేను ముందు ఏడ్చా" అని ఒకరు, "నువ్వు చెప్పింది ముందు రోజు సంగతి, ఆరోజు వాన" అని ఇంకొకరు మొదలుపెడతారు. ఆపకండి. ఆ తగువులోనే మీకు రెండు కొత్త పోస్టులు దొరుకుతాయి, కానీ అది చిన్న లాభం. మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకి తమ కుటుంబం గురించి 20 ప్రశ్నలు ఇచ్చి చూశారు: అమ్మానాన్నలు ఎలా కలిశారు, తాతయ్య ఎక్కడ పెరిగాడు, నువ్వు పుట్టినప్పుడు ఏం జరిగింది, ఇలా. తమ ఇంటి కథలు ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం కూడా ఎక్కువగా కనిపించింది. ఒకదాని వల్లే ఇంకొకటి వచ్చిందని అనలేం. కథలు చెప్పుకునే ఇంట్లో కలిసి కూర్చోవడం కూడా ఎక్కువే ఉంటుంది కదా.

పిల్లలు మిమ్మల్ని చూసి తామూ రాస్తామంటారు. మా అమ్మాయి పదేళ్ళప్పుడు అడిగింది. ఏం చెప్పాలో జాగ్రత్త. "నీకు భలే తెలివి" అనకండి. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని పొగిడించుకున్న పిల్లలు ఒకసారి ఓడిపోయాక త్వరగా వెనకడుగు వేశారు, చేసిన ప్రయత్నాన్ని మెచ్చుకున్న పిల్లలు పట్టు వదల్లేదు. కాబట్టి "ఈ లైను మూడుసార్లు మార్చావు కదా, ఇప్పుడు ఎంత తేలిగ్గా చదవొచ్చో" అనండి. తను చేసిన పనిలో మీరు నిజంగా చూసిన ఒక్క విషయం చెప్పండి. అది తనకి గుర్తుంటుంది. పైకి చదవాలంటే గొంతు పూడుకుపోయిన ఆ పిల్లే, ఇప్పుడు నా డ్రాఫ్టులు తనే తీసుకుని పైకి చదువుతుంది, నేను ఎక్కడ తడబడ్డానో వినిపించాలని.

9. మూడు నెలలకొకసారి కాపీ తీసి పెట్టండి

మనం రాసే చోట్లు మన సొంతం కావు. జియోసిటీస్‌లో లక్షల మంది సొంత పేజీలు పెట్టుకున్నారు, 2009లో అది మూతపడింది. గూగుల్ ప్లస్ 2019లో మూసేశారు. మీరు వాడే చోట ఎక్స్‌పోర్ట్ అనే అవకాశం ఉందో లేదో ఇవాళే చూడండి. ఉంటే మూడు నెలలకొకసారి ఫైలు దించుకుని వేరే చోట దాచండి. లేకపోతే ఒక్కో పోస్టు కాపీ చేసి పెట్టుకోండి. ఏడాదికొకసారి వాటిని ప్రింటు తీయించండి.

ప్రింటు తీశాక ఆ కాగితాలు ముందు పిల్లల చేతికివ్వండి. పోయినేడాది మా అమ్మాయికి ఇచ్చాను. రెండు రోజులు తన గదిలో ఉంచుకుని తెచ్చిచ్చింది. ఒక పేజీ అడ్డంగా కొట్టేసి ఉంది, ఆ పోస్టు ఆ పూటే తీసేశాను. ఇంకొక చోట మార్జిన్‌లో "ఇలా జరగలేదు" అని రాసి, జరిగింది తన మాటల్లో నాలుగు లైన్లు రాసింది. ఆ బూటు పోస్టు కింద మాత్రం, "ఆ బూటు నేనే దాచా. స్కూలుకి వెళ్ళాలనిపించలేదు" అని ఉంది.

కాగితాలతో పాటు ఒక పెన్సిలు కూడా ఇవ్వండి.